స్టీరింగ్ పక్క గేరు నేలకు దిగితే

పాత అంబాసిడర్ కొన్న కుర్రాళ్లు బండిని షెడ్డుకు తోలుకెళ్లి మేస్త్రీని తరచుగా అడిగే మాట ఒకటుంది: "అన్నా, ఈ స్టీరింగ్ గేరు తీసేసి ఫ్లోర్ గేరు పెట్టగలవా?" ఒప్పుకునే షెడ్లు చాలానే ఉన్నాయి. ఒక్క రోజులో చేసిచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ ఒక్క రోజు పనంటేనే నాకు భయం. గేరు రాడ్డును ఒకచోట పీకి ఇంకోచోట నాటడమే అనుకుంటే దానికి రోజు చాలు. కానీ ఈ మార్పు బండిలో మూడు చోట్ల చేయి పెడుతుంది: చక్రాలను తిప్పే స్టీరింగ్ కాలమ్, బరువు మోసే ఫ్లోరు, ఇంజన్ శక్తిని వెనక్కి పంపే గేరు బాక్సు. ఈ మూడింటినీ ఎరిగిన మేస్త్రీ చేస్తే అది చూడముచ్చటైన పనితనం. ఎరగనివాడు చేస్తే మంచి బండి పాడైనట్టే.

అసలు గేరు స్టీరింగ్ పక్కకు ఎందుకు ఎక్కిందో ముందు చూడాలి. తొలినాళ్ల కార్లలో గేరు రాడ్డు నేల మీదే ఉండేది. 1930ల చివర్లో అమెరికన్ కంపెనీలు ముందు సీటును ఒకే బల్లలా చేసి ముగ్గురిని కూర్చోబెట్టాలనుకున్నాయి. మధ్యలో కూర్చున్నవాళ్ల మోకాళ్లకు రాడ్డు అడ్డం. అందుకే దాన్ని స్టీరింగ్ కాలమ్ మీదికి ఎత్తారు. 1938లో పోంటియాక్ ఈ ఏర్పాటును కొనేవాళ్ల ఇష్టానికి వదిలి అమ్మింది. ఏడాది రెండేళ్లలో అక్కడి కార్లలో చాలావాటికి అదే పద్ధతి అయింది. అక్కణ్ణుంచి బ్రిటన్‌కు, ఇటలీకి పాకింది. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ మన దగ్గర 1957లో అంబాసిడర్‌గా మొదలై, బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 దాకా తయారైంది. ఇటలీ ఫియట్ 1100 ముంబైలో ప్రీమియర్ పద్మినిగా స్థిరపడింది. మొదట రెండిట్లోనూ నాలుగు గేర్లు, రెండిట్లోనూ లివర్ స్టీరింగ్‌కు ఎడమ పక్కనే.

ఆ ఏర్పాటు మన ఇళ్లకు బాగా నప్పింది. ముందు సీట్లో డ్రైవరు కాక ఇద్దరు పెద్దవాళ్లు, ఒళ్లో ఒక పిల్లాడు. పెళ్లికి వెళ్లే బండైతే ఇంకా కిక్కిరిసేది. కుడివైపు లారీలు దూసుకుపోతున్న రోడ్డు మీద టాక్సీ డ్రైవరు సీటు మీదే జరిగి ఎడమ తలుపులోంచి దిగిపోగలిగేవాడు. చేయి చక్రానికి జానెడు దూరం కూడా పోకుండా గేరు మారేది. ఫ్లోర్ గేరు అడిగేవాళ్లు ఇవన్నీ వదులుకుంటున్నామని తెలిసే అడగాలి.

పైన కనిపించే లివర్ కింద ఏముందో చూస్తేనే ఈ పని బరువు తెలుస్తుంది. లివర్‌కు రెండు కదలికలుంటాయి. దాన్ని మనవైపు లాక్కోవడం, లేదా అవతలికి నెట్టడం గేర్ల వరసను ఎంచుకోవడానికి. పైకి ఎత్తడం, కిందికి దించడం ఆ వరసలో గేరు వేయడానికి. స్టీరింగ్ కాలమ్ వెంబడి ఇంజన్ గదిలోకి దిగే ఒక గేరు షాఫ్టు ఈ రెండు కదలికలనూ మోసుకెళ్తుంది. ఒకదానికి నిలువునా జరుగుతుంది, ఇంకోదానికి తన చుట్టూ తాను తిరుగుతుంది. కింది కొసన ఉన్న చేతులు లింకుల ద్వారా ఆ కదలికలను గేరు బాక్సు పక్కనున్న లివర్లకు అందిస్తాయి. లింకు లింకుకూ ఒక పిన్ను, ఒక బుష్షు. ఒక్కో బుష్షులో గోరంత ఆట వచ్చినా అన్నీ కూడి పైన లివర్ కొస దగ్గరకు వచ్చేసరికి బెత్తెడంత అవుతుంది.

గేరు ఇరుక్కోవడం అక్కడే మొదలవుతుంది. వరస పూర్తిగా మారకముందే లివర్ పైకి లేస్తుంది, లింకులు అడ్డం తిరుగుతాయి, బండి నడిరోడ్డు మీద నిలుస్తుంది. అంబాసిడర్ డ్రైవర్లు బానెట్ ఎత్తి లోపల చేయి పెట్టి ఒక లింకును గట్టిగా లాగి మళ్లీ ఎక్కి కూర్చోవడం ఒక తరమంతా చూసింది. ఆ దృశ్యమే స్టీరింగ్ గేరుకు చెడ్డపేరు తెచ్చింది. ఆ చెడ్డపేరు అన్యాయమని నా అభిప్రాయం. తప్పు అరిగిన బుష్షులది, గ్రీజు పెట్టని చేతులది.

అందుకే నిజాయితీ ఉన్న మేస్త్రీ స్పానరు పట్టకముందు ఒక పరీక్ష చేస్తాడు. ఇంజన్ ఆపి, లింకులను గేరు బాక్సు దగ్గర విప్పేసి, క్లచ్ తొక్కించి, బాక్సు లివర్లను చేత్తో కదిపి చూస్తాడు. అన్ని గేర్లూ మెత్తగా పడితే బాక్సు బాగున్నట్టే, రోగం లింకుల్లో ఉంది. బుష్షులు, పిన్నులు కొత్తవి వేసి, లింకుల పొడవు సరిచేసి, గ్రీజు పెడితే సగం బండ్లు అక్కడే బాగుపడతాయి. ఇంజన్ మౌంటింగు రబ్బర్లు కూడా చూడాలి. కాలమ్ బాడీకి బిగించి ఉంటుంది, గేరు బాక్సేమో ఇంజన్‌తో కలిసి ఊగుతుంది. రబ్బర్లు కుంగితే రెండిటి మధ్య వరస తప్పి, కొత్త బుష్షులు వేసినా గేరు మొరాయిస్తుంది. ఇక పాత బాక్సుల్లో మొదటి గేరుకు పళ్ల వేగాలను కలిపే సింక్రోమెష్ లేదు. బండి కదులుతుండగా మొదటి గేరు వేస్తే వచ్చే కరకర చప్పుడుకు లివర్ ఎక్కడున్నదీ కారణం కాదు. అదే బాక్సు ఉంచుకుని ఫ్లోర్ గేరు పెట్టించినా ఆ చప్పుడు పోదు.

మరి మార్చడంలో అర్థం ఉన్నది ఎప్పుడు? నేల మీది లివర్ చాలా బాక్సుల్లో నేరుగా పైమూతలోంచి దిగి లోపలి ఫోర్కులను కదుపుతుంది. మధ్యలో లింకుల గొలుసు లేదు, అరిగేవి తక్కువ, గేరు పడిన సంగతి అరచేతికి తెలుస్తుంది. అయిదో గేరు కావాలన్నా ఇదే దారి. స్టీరింగ్ మీద నాలుగు గేర్లే సున్నితమైన లెక్క, అయిదోది కూడా పెడితే అది మరీ కష్టమవుతుంది. కంపెనీకీ ఈ సంగతి తెలుసు. హిందుస్తాన్ మోటర్స్ 1980ల్లో తెచ్చిన కాంటెస్సాలో మొదట అంబాసిడర్ 1489 సీసీ ఇంజనే ఉన్నా గేరు మాత్రం నేల మీద పెట్టింది. 1990ల్లో ఇసుజు 1800 సీసీ ఇంజన్‌తో వచ్చిన అంబాసిడర్‌కు అయిదు గేర్ల బాక్సు, ఫ్లోర్ లివర్ ఫ్యాక్టరీలోనే వచ్చాయి. కాబట్టి హైవే మీద రోజూ తిరిగే బండికి, భుజం నొప్పితో చేయి పైకి ఎత్తలేని డ్రైవరుకు ఈ మార్పు సబబే.

బాక్సు ఎంపికలో ఇంజన్‌దే మొదటి మాట. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ఉన్న బండికి అదే ఇంజన్‌తో వచ్చిన తొలి కాంటెస్సా బాక్సు వెతకడం తెలివైన దారి. ఏ బాక్సు దొరికినా బిగించే ముందు కొలవాల్సినవి ఉన్నాయి. క్లచ్ ప్లేటు పళ్లు బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు పళ్లతో కలవాలి. ఆ షాఫ్టు కొస క్రాంక్ షాఫ్టు వెనక బుష్షులో సరిగ్గా కూర్చోవాలి. బాక్సు పొడవు మారితే వెనక మౌంటింగు జరపాలి, ప్రొపెల్లర్ షాఫ్టును కోసి అతికించాలి, అతికించాక బ్యాలెన్సింగ్ చేయించాలి. ఈ చివరి పనిని చాలామంది ఎగ్గొడతారు. వేగం అరవై దాటగానే నేల కింద నుంచి వచ్చే వణుకుకు చాలాసార్లు కారణం అదే. స్పీడోమీటర్ కేబుల్ కొత్త బాక్సుకు అందినా చూపించే వేగం తప్పు కావచ్చు. తెలిసిన దూరం నడిపి సరిచూసుకోవాలి.

ఇక స్టీరింగ్ కాలమ్. పనివాడి చేతి నేర్పు నిజంగా బయటపడేది ఇక్కడే.

ముందు బ్యాటరీ వైరు తీయాలి, ఎందుకంటే హారన్ వైరింగు కాలమ్‌తోనే ఉంటుంది. చక్రాలు తిన్నగా పెట్టి, స్టీరింగ్ చక్రం విప్పాల్సి వస్తే షాఫ్టు మీద, చక్రం మీద గుర్తు గీయాలి. లేకపోతే మళ్లీ బిగించాక బండి తిన్నగా పోతున్నా చక్రం వంకరగా ఉంటుంది. కింద లింకులు, తర్వాత పట్టీలు, చివర లివర్, గేరు షాఫ్టు, ఈ వరసలో విప్పాలి. తుప్పు పట్టి రాని పిన్నును నూనె పోసి రాత్రంతా వదిలేయాలి. గ్రైండరుతో కోయడం, కాలమ్ గొట్టం మీద వెల్డింగు పెట్టడం రెండూ నేరంతో సమానం. ఆ గొట్టం లోపలే స్టీరింగ్ షాఫ్టు, దాన్ని పట్టి నిలిపే బుష్షు ఉన్నాయి. వెల్డింగు వేడికి బుష్షు కాలిపోతే, గొట్టం వెంట్రుకవాసి వంగితే చక్రం బిగుసుకుంటుంది, లేదా ఆడుతుంది. పాత అంబాసిడర్ది గుద్దినప్పుడు ముడుచుకుపోయే కాలమ్ కాదు, బిర్రైన గొట్టం. దానికి అదనంగా ఏ ఇనుప ముక్కా డ్రైవరు ఛాతీ వైపు పొడుచుకుని ఉండకూడదు.

గేరు షాఫ్టు తీసేశాక మిగిలేవి రెండు: కాలమ్ మీద పట్టీల ఖాళీ, ఇంజన్ గదికీ క్యాబిన్‌కూ మధ్యనున్న రేకులో ఒక రంధ్రం. ఖాళీని కొలతకు తగ్గ కాలరు లేత్ మీద చేయించి మూస్తే కాలమ్ పుట్టుకతోనే అలా ఉన్నట్టుంటుంది. రంధ్రాన్ని రబ్బరు గ్రోమెట్, రేకు బిళ్ల పెట్టి మూయాలి. అది తెరిచి ఉంటే ఇంజన్ వేడి, పొగ నేరుగా డ్రైవరు కాళ్ల మీదికి వస్తాయి. డ్యాష్‌బోర్డు కింద కాలమ్‌ను పట్టి ఉంచే క్లాంపు బోల్టులు చివర మరోసారి బిగించి చూడాలి. తుక్కులో దొరికిన ఫ్లోర్ గేరు అంబాసిడర్ కాలమ్ మొత్తంగా తెచ్చి వేసుకోవడం ఇంకా శుభ్రమైన పద్ధతి. అయితే రెండు కాలమ్‌లనూ పక్కపక్కన పడుకోబెట్టి పొడవు, పళ్లు కొలిచాకే డబ్బు ఇవ్వాలి.

అమెరికాలో ఇదే పనికి ఇంకో చిక్కుంది. అక్కడి జనరల్ మోటర్స్ కార్లలో 1969 మోడళ్ల నుంచి ఇగ్నిషన్ తాళం కాలమ్‌లోకే వచ్చింది. ఆటోమేటిక్ బండి కాలమ్ గేరు పార్కులో ఉంటేనే తాళం తిరిగి బయటికి వస్తుంది. లివర్‌ను నేలకు దించినా కాలమ్ మీద గేరుతో పాటు తిరిగే గిన్నెను పార్కు స్థానంలోనే కదలకుండా బిగించాలి. బండి గేరులో ఉండగా స్టార్ట్ కాకుండా ఆపే స్విచ్చును కొత్త లివర్‌కు మార్చాలి. ఈ రెండో పని మరిచిపోతే బండి గ్యారేజీ గోడలోకి దూకుతుంది. అక్కడ ఈ అలవాటు ఎంత పెద్దదంటే, ఫ్లోర్ గేరు కోసమే తయారైన నున్నటి కాలమ్‌లు కొత్తవి కొనుక్కోవచ్చు. మన దగ్గర ఆ లోటును లేత్ షాపులే తీర్చాలి.

నేల కోయడం దగ్గర చేయి వణకాలి. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. మధ్యలో ఉబ్బెత్తుగా పోయే టన్నెల్ కూడా బరువు మోసే భాగమే. రంధ్రం ఎక్కడన్నది టేపుతో కంటే ముందు మనిషితో తేల్చాలి. బండి నడిపేవాణ్ణి సీట్లో కూర్చోబెట్టి, వీపు సీటుకు ఆనించి ఉంచే అన్ని గేర్లూ అందుతున్నాయో, ముందుకు నెట్టే గేర్లలో పిడికిలి డ్యాష్‌బోర్డుకు తగులుతుందో చూడాలి. ఆ తర్వాతే గుర్తు గీయాలి. రంధ్రం లివర్ ఆడేంత మేరకే కోసి, మూలలు గుండ్రంగా ఉంచి, అంచు చుట్టూ మందపాటి రేకు చట్రం బిగించాలి. చతురస్రంగా కోస్తే మూలల్లోంచి పగుళ్లు పుడతాయి. దాని మీద రబ్బరు బూటు, కోసిన అంచుకు తుప్పు పట్టకుండా రెడాక్సైడు. వానాకాలంలో కింది నుంచి చిమ్మే నీళ్లకు ఆ బూటే అడ్డు.

లివర్ వంపు గురించి ఒక మాట. బల్ల సీటు ఉంచుకోవాలనుకుంటే లివర్‌ను ముందుకు వంచాలి. పొడవు పెంచితే గేరు తేలికగా పడుతుంది కానీ చేయి ఎక్కువ దూరం తిరగాలి, పొట్టిదైతే దీనికి ఎదురు. సీటును కోసి బకెట్ సీట్లు పెట్టడం నాకు నచ్చదు. ముందు సీట్లో ముగ్గురు కూర్చోవడమే ఆ బండి స్వభావం.

చట్టం సంగతి మరవకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. గేరుతో పాటు ఇంజన్ కూడా మారిస్తే ముందుగా ఆర్టీఓ అనుమతి తప్పదు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు ఇంకో ఆలోచన కలిగిస్తాయి. యాభై ఏళ్లు దాటి, మొదటి రూపం చెడని కార్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఛాసిస్‌లో, బాడీ షెల్‌లో, ఇంజన్‌లో మార్పులు చేసినవాటికి అది దక్కదు. నేల కోసిన అంబాసిడర్‌ను అధికారి ఏమంటాడన్నది ఆ యజమాని ముందే తలచుకోవాల్సిన ప్రశ్న. 1960ల నాటి బండి చెక్కుచెదరకుండా దొరికితే దాని జోలికి పోవద్దనే నేను చెబుతాను. లింకులు బాగుచేయించి స్టీరింగ్ గేరుతోనే నడపండి. ఇప్పటికే ఇంజన్ మారిన, నేల అతుకులు పడ్డ బండి ఉంటే ఫ్లోర్ గేరు ప్రయోగానికి అదే తగినది.

మార్చినా, తీసిన ప్రతి ముక్కనూ దాచాలి. లివర్, షాఫ్టు, లింకులు, పట్టీలు, చివరికి వాషర్లతో సహా గ్రీజు పూసి, పేరు రాసి కట్టి యజమానికి అప్పగించే మేస్త్రీలున్నారు. తుక్కు బుట్టలో పడేసేవాళ్ల కంటే వాళ్లకు వంద రూపాయలు ఎక్కువైనా ఇవ్వొచ్చు. రేపు ఇంకొకరు ఆ బండిని పాత రూపానికి తేవాలనుకుంటే ఆ మూటే ఆధారం.

బండి తీసుకునే రోజు తొందరపడకండి. ముందుగా స్టీరింగ్ చక్రాన్ని ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పి ఎక్కడా పట్టేయకుండా ఉందో లేదో చూడండి. అన్ని గేర్లూ ఇంజన్ ఆపి ఒకసారి, నడుపుతూ ఒకసారి వేయండి. రివర్స్‌లో వెనక లైటు వెలుగుతోందా, గతుకుల్లో గేరు జారిపోతోందా, బూటు పక్కనుంచి వేడి గాలి వస్తోందా గమనించండి. ఓ వారం తిరిగాక బండిని మళ్లీ షెడ్డుకు తెచ్చి గేరు బాక్సు మౌంటింగు, ప్రొపెల్లర్ షాఫ్టు, కాలమ్ క్లాంపు బోల్టులు మూడూ మీ ఎదుటే బిగించమనండి.