ముందు ఖాళీ తక్కెడ చూడాలి

చలికాలం ముందు ఫ్లూ టీకా వేయించుకున్న వృద్ధుల్లో మరణాలు దాదాపు సగానికి తగ్గుతున్నాయని అమెరికాలో ఒకదాని తర్వాత ఒకటిగా అధ్యయనాలు చెప్పాయి. అవి ఎక్కువగా వైద్య రికార్డుల మీద చేసినవే. వాషింగ్టన్ రాష్ట్రంలో లీసా జాక్సన్ అనే పరిశోధకురాలి బృందం ఇంకో పద్ధతిలో లెక్క చూసింది. 65 ఏళ్లు నిండిన 72,527 మంది రికార్డులు, ఎనిమిదేళ్లవి తీసుకుని, ఏడాదిని మూడు ముక్కలు చేసింది: ఫ్లూ సీజన్‌కు ముందు, సీజన్‌లో, తర్వాత.

2006లో అచ్చయిన ఫలితం ఇది. టీకా వేయించుకోనివాళ్లతో పోలిస్తే వేయించుకున్నవాళ్లకు మరణం ముప్పు సీజన్‌లో 44 శాతం తక్కువ. బాగానే ఉంది. సీజన్ మొదలవకముందు? 61 శాతం తక్కువ! వైరస్ ఇంకా ఊళ్లోకే రాలేదు, టీకా మాత్రం అప్పుడే ఎక్కువ ప్రాణాలు కాపాడేసింది.

ఇందులో మాయ ఏమీ లేదు. టీకా కోసం క్లినిక్ దాకా వెళ్లగలిగినవాళ్లు ఓపిక ఉన్నవాళ్లు. మంచం పట్టినవాళ్లు, క్యాన్సర్ ముదిరినవాళ్లు ఎక్కువగా ఇంట్లోనే ఉండిపోతారు. టీకా ఉన్నా లేకపోయినా ఈ రెండు గుంపుల ఆయుష్షు ఒకటి కాదు. అంతమాత్రాన ఫ్లూ టీకా దండగ అని తేలిపోలేదు. దాని విలువను ఆ లెక్క పెంచి చూపిస్తోందని తేలిందంతే.

ఇలాంటి రికార్డులు చదవడమే నా ఉద్యోగం. హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసుల్లో కూర్చుని ఎక్కడో ఉన్న రోగుల బీమా క్లెయిములు చదివేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లలో నేనూ ఒకరిని. 'రియల్ వరల్డ్ ఎవిడెన్స్' అని ఈ పనికి పెద్ద పేరు. తెర మీద కనిపించేది మాత్రం గళ్ల వరుసలు. ఒక వరుసలో పుట్టిన సంవత్సరం, జబ్బు కోడు ఈ11 (అంటే టైప్ 2 షుగరు), మెట్‌ఫార్మిన్, 30 రోజులకు సరిపడా, కొన్న తేదీ. కింది వరుసలో అదే మనిషి, అదే మందు. కానీ కొన్నది 41వ రోజున. మధ్యలో ఆ 10 రోజులూ ఏమైనట్టు? మాత్రలు మానేశారా, పాతవి మిగిలి ఉన్నాయా, ఆస్పత్రిలో పడి ఉంటే అక్కడే ఇచ్చారా? ఏ గడిలోనూ జవాబు ఉండదు.

అంతకంటే పెద్ద లోటు ఇంకొకటి ఉంది. ఏ మందు, ఎప్పుడు, ఎంత అన్నది వరుసలో ఉంటుంది. ఎందుకు ఇచ్చారన్నది ఉండదు. ఇన్సులిన్ మొదలుపెట్టిన టైప్ 2 షుగరు రోగుల్లో మరణాలు ఎక్కువగా కనిపిస్తాయి. మాత్రలకు లొంగనంతగా జబ్బు ముదిరినవాళ్లకే సాధారణంగా ఇన్సులిన్ ఇస్తారు కాబట్టి అలా కనిపిస్తుంది. ఆ కారణం తెలియని కంప్యూటరు నేరం మందు మీదే మోపుతుంది.

అందుకే కొత్త ఫైలు తెరిస్తే నేను ముందు వెతికేది మందు పనిచేసిన రోజుల కోసం కాదు, పనిచేయడానికి వీల్లేని రోజుల కోసం. మందు ప్రభావం ఇంకా మొదలవని రోజుల్లో, లేదా ఆ మందుకు ఏ సంబంధమూ లేని జబ్బుల్లో, రెండు గుంపులూ సమంగా ఉన్నాయా? తూకం వేసే ముందు ఖాళీ తక్కెడ పళ్లేలు సమంగా ఉన్నాయో లేదో చూసుకోవడం లాంటిదే ఇది. అక్కడే ఒకవైపు మొగ్గితే, ఆ తర్వాత వచ్చే అంకె ఎంత ఘనంగా ఉన్నా నమ్మకూడదు.

ఈ పరీక్షకు నిలబడ్డ అధ్యయనం కావాలంటే కోవిడ్ కాలం నాటి ఇజ్రాయెల్‌కు వెళ్లాలి. అక్కడి అతిపెద్ద ఆరోగ్య సంస్థ క్లాలిట్ 2020 డిసెంబరు 20 నుంచి 2021 ఫిబ్రవరి 1 దాకా ఫైజర్ టీకా వేయించుకున్న 5,96,618 మందిని తీసుకుని, ఒక్కొక్కరికీ టీకా వేయించుకోని ఒక జోడీని వెతికింది. వయసు, ఆడా మగా, ఉండే పేట, ఉన్న జబ్బులు... వీటితో పాటు గత ఐదేళ్లలో ఎన్ని ఫ్లూ టీకాలు వేయించుకున్నారన్నది కూడా కలిసేలా చూసింది. ఆరోగ్యం మీద శ్రద్ధ ఎవరికెంతో పట్టుకోవడానికి అదొక ఉపాయం.

ఆ అధ్యయనంలో పేరు మోసిన అంకె 94: రెండో డోసు తర్వాత వారం దాటాక, లక్షణాలతో వచ్చే కోవిడ్‌ను టీకా అంత శాతం ఆపింది. నాకు మాత్రం అందులోని గ్రాఫులో మొదటి పన్నెండు రోజులే ఎక్కువ విలువైనవి. టీకా ఒంట్లో పనిచేయడం మొదలవని ఆ రోజుల్లో రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడి నడుస్తాయి. ఆ తర్వాత విడిపోతాయి. ముందు కలిసి నడిచాయి కనుకే తర్వాతి ఎడాన్ని నమ్మాం.

ఇంత యాతన ఎందుకు, చీటీలు వేసినట్టు రోగులను రెండు గుంపులు చేసి క్లినికల్ ట్రయల్ పెడితే పోలేదా అని అడగొచ్చు. వీలైన చోట అదే చేయాలి. కానీ ట్రయల్‌లోకి గర్భిణులను, కిడ్నీలు పాడైనవాళ్లను, ఎనభై దాటినవాళ్లను చాలాసార్లు రానివ్వరు. రేపు అదే మందు వాళ్లూ మింగుతారు. అరుదైన జబ్బులది ఇంకో ఇబ్బంది. మగవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చాలా అరుదు. వాళ్లతో పెద్ద ట్రయల్ పెట్టేంత మంది దొరకడమే కష్టం. అందుకే ఆడవాళ్ల కోసం వచ్చిన పాల్బోసిక్లిబ్ అనే మందును మగవాళ్లకూ వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో ప్రధానంగా ఆస్పత్రి రికార్డులు, బీమా క్లెయిముల వంటి వాటి ఆధారంగా అనుమతి ఇచ్చింది.

మరి మన సంగతి? 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని పెద్ద ఆపరేషన్ల రికార్డు మన దగ్గరా పోగుపడింది. కానీ అది ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవాళ్ల లెక్క. రోజూ మింగే బీపీ బిళ్ల కథ వేరు. మెడికల్ షాపులో సగం స్ట్రిప్పు కత్తిరించి ఇస్తారు, బిల్లు అడిగేవాళ్లు తక్కువ. డాక్టరు రాసిన చీటీ పాలిథిన్ కవర్లో మడతపెట్టి రోగి దగ్గరే ఉంటుంది. మందు మారిస్తే కొత్త పేరు రాస్తారు గానీ, పాతది ఎందుకు మానిపించారో రాసిన చీటీలు అరుదు. మందు వల్ల దగ్గు వచ్చిందనా, డబ్బులు చాలవనా, పనిచేయలేదనా?

ప్రభుత్వాలు ఇప్పుడు ఆరోగ్య ఖాతా నంబర్లు ఇస్తున్నాయి, చీటీలను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాయి. మంచిదే. అయితే కోటి చీటీలు పోగైనా, అందులో కారణం లేకపోతే ఫ్లూ టీకా లెక్కలాంటివే ఇంకో కోటి పుడతాయి. డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే: మందు మొదలుపెట్టినా, మార్చినా, మానిపించినా తేదీ పక్కన కారణం ఒక్క ముక్క రాయండి. పాఠకులకూ ఒకటి: 'లక్షమంది మీద రుజువైంది' అని ఎవరైనా మందును పొగిడితే, ఆ లక్షమందీ మందు వేసుకోకముందు మిగతావాళ్లలాగే ఉన్నారా అని అడగండి. జవాబు రాకపోతే, లక్ష కాదు, పది లక్షలైనా ఒకటే.