‘సైజ్ జీరో’ చిత్రంలో స్త్రీ దేహం – స్వీకారానికి ఉన్న షరతులు

తెలుగు చలనచిత్రాల్లో లావుగా ఉన్న స్త్రీకి చాలాకాలంగా దక్కుతున్నవి హాస్యపాత్రలు, గయ్యాళి పాత్రలు. కథానాయిక స్థానం దక్కడం అరుదు. 2015 నవంబరులో విడుదలైన ‘సైజ్ జీరో’ ఆ స్థానాన్ని ఇచ్చింది. ప్రకాశ్ కోవెలమూడి దర్శకత్వంలో, కనికా ధిల్లాన్ రచనతో తెలుగు, తమిళ భాషల్లో నిర్మితమైన ఈ చిత్రంలో అనుష్క ‘సౌందర్య’ పాత్రను ధరించారు. దేహాన్ని ఉన్నదున్నట్లుగా స్వీకరించాలని చెప్పే చిత్రమిది. ఆ స్వీకారం ఎవరి చేతుల్లో ఉంది, ఏ షరతుల మీద లభించింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

ముందుగా చిత్రనామాలు. ‘సైజ్ జీరో’ అమెరికా రెడీమేడ్ దుస్తుల కొలత. తమిళంలో పేరు ‘ఇంజి ఇడుప్పళగి’. మాటకు మాటగా చెబితే అల్లం వంటి నడుము గల అందగత్తె. ఒకటి దుకాణపు కొలత, మరొకటి కవిసమయాన్ని తలపించే పోలిక. రెండింటి దృష్టీ నడుము మీదనే. నాయిక నడుమును ఉందో లేదో తెలియనంత సన్ననిదిగా వర్ణించడం మన ప్రబంధకవులకు పరిపాటి. అయితే ఆ కవులే జఘనాన్ని భారంగా వర్ణించి, ఆమె మందగమనానికి ఆ భారమే కారణమన్నారు. కాబట్టి నాజూకుతనపు మోజు పూర్తిగా పాశ్చాత్యుల దిగుమతి అనడం గాని, మన సంప్రదాయం బొద్దుతనాన్ని ఆదరించిందనడం గాని సరికాదు. ప్రబంధంలో బరువు ఎక్కడ ఉండాలో నిర్ణయమై ఉంది. దుస్తుల కొలతలో అది ఎక్కడా ఉండకూడదు.

చిత్రంలో బలమైనది ప్రథమార్ధం. సౌందర్యకు తన దేహంతో పెద్దగా పేచీ లేదు. పేచీ ఉన్నది తల్లికి. కూతురికి సంబంధం కుదరకపోవడానికి లావే కారణమని ఆమె నమ్మకం. ఊర్వశి పోషించిన ఈ తల్లి క్రూరురాలు కాదు, ఆమెది ప్రేమే. ఆ ప్రేమ నుంచే కూతురికి సిగ్గు అంటుకుంటోందని చిత్రం గ్రహించింది. ద్వితీయార్ధంలో ఆ గ్రహింపు చేజారింది. తాను ప్రేమించిన అభి మరో యువతికి దగ్గర కావడంతో సౌందర్య త్వరగా సన్నబరిచే క్లినిక్‌ను ఆశ్రయిస్తుంది. అక్కడి చికిత్స వల్ల స్నేహితురాలి ఆరోగ్యం దెబ్బతింటుంది. అక్కడి నుంచి కథ ఆ క్లినిక్ యజమాని మోసాన్ని బయటపెట్టే ఉద్యమంగా మారుతుంది. ప్రకాశ్‌రాజ్ రూపంలో ప్రతినాయకుడు దొరికాక, పెళ్లిచూపులనూ సంబంధాల బేరాన్నీ ప్రశ్నించవలసిన పని కథకు లేకపోయింది.

మోసపూరిత వ్యాపారాన్ని విమర్శించడం అవసరమే. కానీ ‘ఈ చికిత్స ప్రమాదకరం’ అనడం వేరు, ‘సన్నబడి తీరాలన్న నియమమే లేదు’ అనడం వేరు. చిత్రం మొదటిదాన్ని గట్టిగా చెప్పి, రెండవదాన్ని కూడా చెప్పినట్లు భ్రమింపజేసింది. చివరికి అభి ఆమె విలువను గుర్తించి దగ్గరవుతాడు. అంటే సౌందర్య దేహానికి ఆమోదముద్ర వేసింది మళ్లీ ఒక వరుడే.

తల్లి ఆందోళన వెనుక మన వాడుకభాష కూడా ఉంది. ‘చిక్కిపోయావు’ అన్నది పరామర్శ. అత్తవారింటి నుంచి వచ్చిన కూతురు ‘కాస్త ఒళ్లు చేసింది’ అంటే పుట్టింటివారికి సంతోషం, పిల్ల సుఖపడుతోందన్నమాట. పెళ్లికాని పిల్ల విషయంలో ఆ ఒళ్లే ‘లావు’ అవుతుంది, కోపం వస్తే ‘బండ’ అవుతుంది. ఇక్కడ మాటను మార్చింది బరువు కాదు, మెడలో తాళి.

పురుషదేహానికి ఈ లెక్క వర్తించదు. ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడి భారీకాయం ఎవరికీ సంజాయిషీ ఇవ్వదు. వివాహభోజనాన్ని ఎస్.వి. రంగారావు ఆరగించే దృశ్యంలో హాస్యం ఉంది, అవహేళన లేదు. అదే ఘటోత్కచుడు మాయాశశిరేఖ అయినప్పుడు, సావిత్రి సుకుమార దేహంలోంచి రాక్షసుడి నడక, హుంకారం బయటపడుతుంటాయి. ప్రేక్షకుడు నవ్వేది పెళ్లికూతురికి ఉండకూడని బరువు ఆమెలో కనిపించినందుకే. ఆ అభినయాన్ని అంతగా మెచ్చుకొన్న మనమే, తర్వాతి కాలంలో సావిత్రి ఒళ్లు పెరగడాన్ని ఆమె పతనానికి గుర్తుగా చెప్పుకొంటూ వచ్చాం. రంగారావు స్థూలకాయాన్ని మాత్రం నిండైన విగ్రహం అన్నాం.

అనుష్క ఈ పాత్ర కోసం నిజంగానే బరువు పెరిగారు. కథానాయికగా అగ్రస్థానంలో ఉండి అందుకు పూనుకోవడం సాహసమే. అయితే ఆ బరువు పాత్ర కోసం చేసిన త్యాగంగా ప్రచారమైంది. విడుదల తర్వాత పత్రికల ఆసక్తి ఆమె ఎంత తగ్గారు, ఇంకెప్పుడు తగ్గుతారు అన్నదాని మీదికి మళ్లింది. చిత్రంలో సౌందర్య ముద్దుపేరు స్వీటీ. నటి అసలు పేరూ అదే. లావుగా ఉన్న కథానాయిక పాత్రకు సైతం, మళ్లీ సన్నబడుతుందని అందరికీ నమ్మకమున్న తారే కావలసి వచ్చింది.