చుక్కల లెక్కలో అడ్డదారి

కలరా రోగుల సిరలలోనికి లవణ ద్రావణమును ఎక్కించి, 1832లో స్కాట్లండు వైద్యుడు థామస్ లాటా ఒక కొత్త చికిత్సకు దారితీసెను. నేడు సెలైను సీసా చూడనివారు అరుదు. అయితే నిమిషమునకు ఎన్ని చుక్కలు పడవలెను? దీనికొక అడ్డదారి సూత్రము వాడుకలో ఉన్నది: గంటకు ఎక్కవలసిన మిల్లీలీటర్లను 3 చేత భాగింపవలెను. 500 మి.లీ. ద్రావణము 4 గంటలలో ఎక్కవలెనన్నచో గంటకు 125 మి.లీ.; అనగా నిమిషమునకు సుమారు 42 చుక్కలు.

ఈ సూత్రము అబద్ధము కాదు. జ్ఞాపకముంచుకొనుటకు సులభము కూడ. కాని ఆ 3 ఎక్కడనుండి వచ్చినదో చెప్పక నేర్పుట మాత్రము ఆక్షేపణీయము. గంటకు 60 నిమిషములు. మిల్లీలీటరునకు 20 చుక్కలు పడు సెట్టు. 60ని 20 చేత భాగింపగా వచ్చినదే 3. అయితే అన్ని సెట్లు ఒకటి కావు. మిల్లీలీటరునకు 10, 15 చుక్కలు పడునవి కలవు. 60 చుక్కలు పడు సూక్ష్మబిందు సెట్లును కలవు. చుక్క ప్రకృతి విధించిన కొలత కాదు. గొట్టపు మొన వెడల్పును బట్టి, ద్రవపు తలతన్యతను బట్టి దాని పరిమాణము మారును.

సూక్ష్మబిందు సెట్టుతో 42 చుక్కలే పడనిచ్చినచో ఆ సీసా 4 గంటలకు బదులు దాదాపు 12 గంటలు పట్టును. అందులో మందు కలిసియున్నచో రోగికి మూడవ వంతు వేగముననే అందును. ఆ సెట్టునకు తగిన 125 చుక్కలను 20 చుక్కల సెట్టులో పడనిచ్చినచో సీసా 80 నిమిషములలోనే ఖాళీ యగును. ఇది మరింత ప్రమాదకరము.

సెట్టు పొట్లముపై చుక్కల సంఖ్య అచ్చువేసియుండును గదా అని కొందరందురు. నిజమే, కాని 3ను మాత్రమే వల్లించినవానికి దానిని చూడవలెనను తలంపే కలుగదు. ప్రమాణములతో వ్రాసినచో ఈ చిక్కు లేదు: 500 మి.లీ. × మి.లీ.కు 20 చుక్కలు ÷ 240 నిమిషములు. మి.లీ. కొట్టివేయబడి, నిమిషమునకు చుక్కలు మిగులును. జవాబు 41.67, చుక్కను ముక్కలు చేయలేము గనుక 42. అంతటితోను పని ముగియదు. సీసా ఎత్తు మారినను, రోగి చేయి మడిచినను వేగము మారును గనుక గడియారము చూచి మరల లెక్కింపవలెను.

ఉపాధ్యాయులు అనుపాతముల పాఠములో ఈ లెక్కనీయవచ్చును. సెట్టు వివరము కావలెననియే చెప్పకుండ ఇచ్చి చూడుడు. జవాబు చెప్పినవానికన్న "ఏ సెట్టండీ?" అని అడిగినవానికే మార్కులు ఎక్కువ ఈయదగును.