కోరెల్‌లో పుస్తకం ఎందుకు?

తోటపల్లి గూడూరు లాంటి మండల కేంద్రంలో డీటీపీ పని అంటే అన్నీ కలగలిసే వస్తాయి. రొయ్యల మేత దుకాణం బిల్లు పుస్తకం, పెళ్లి శుభలేఖ, తిరునాళ్ల ఫ్లెక్సీ, పెద్దకర్మ కార్డు, బడి వార్షికోత్సవ సంచిక, ఏదైనా సరే, సాధారణంగా కోరెల్‌డ్రాలోనే తయారవుతుంది. నెల్లూరులోనైనా హైదరాబాదులోనైనా ఈ అలవాటు కనిపిస్తుంది. ఫ్లెక్సీకి, శుభలేఖకు కోరెల్‌ని మించింది లేదంటే నాకు అభ్యంతరం లేదు. అదే ఊపులో నూరు పేజీల పుస్తకాన్నీ అందులోనే కట్టేయడం తెలుగు పుస్తకానికి చేటు చేస్తోందన్నదే నా బాధ.

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరూ, పేజీలు కూర్చే లేఅవుట్ సాఫ్ట్‌వేరూ పుట్టిందే వేరు వేరు పనుల కోసం. 1987లో వచ్చిన ఇల్లస్ట్రేటర్‌కీ, 1989లో వచ్చిన కోరెల్‌డ్రాకీ గీతే ప్రాణం. వంపుని లెక్కగా దాచుకుంటాయి కాబట్టి, విజిటింగ్ కార్డు మీది లోగోని ముప్పై అడుగుల ఫ్లెక్సీకి పెంచినా అంచు చెదరదు. 1985లో ఆల్డస్ సంస్థ తెచ్చిన పేజ్‌మేకర్‌కి, 1999లో అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్‌కి వాక్యం ప్రాణం. ప్రూఫు దిద్దేటప్పుడు పన్నెండో పేజీలో నాలుగు వాక్యాలు చేరాయనుకోండి. లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో మిగిలిన మాటర్ తనంతట తానే తర్వాతి పేజీల్లోకి జరుగుతుంది, పేజీ నంబర్లు చెక్కుచెదరవు. పేజీకొక విడి డబ్బాగా కోరెల్‌లో కట్టిన పుస్తకంలోనైతే ప్రతి పేజీ అడుగునా కోసి, పక్క పేజీ నెత్తిన అతికించాలి. పేజీ తిప్పగానే ఒక పంక్తి రెండుసార్లు రావడమో, అసలు మాయమవడమో అక్కడే జరుగుతుంది. పైగా తెలుగులో మాటలు పొడుగు. రెండు అంచులూ సమంగా పట్టాలంటే మాటల మధ్య ఖాళీలు గండ్లు పడతాయి. ఇన్‌డిజైన్ పేరా మొత్తాన్నీ ఒకేసారి చూసుకుని పంక్తుల్ని ఎక్కడ విరవాలో తేల్చుకుంటుంది. వందలాది పేరాల్లో ఈ పని చేత్తో చేసే ఓపిక ఎవరికుంటుంది?

ఇంతకన్నా పెద్ద నష్టం కర్వ్స్‌లో ఉంది. ప్రెస్సులో ఆ ఫాంటు ఉంటుందో లేదోనన్న భయంతో పంపేముందు అక్షరాలన్నిటినీ కర్వ్స్‌గా మార్చేస్తారు. ఆ క్షణం నుంచి అక్కడున్నవి గీతలే, అక్షరాలు కావు. 10.32 ముహూర్తాన్ని 10.23 చేయాలన్నా టైపు చేసి దిద్దడానికి వీలుండదు. శుభలేఖ ఒక్కరోజు పని, సర్దుకుపోవచ్చు. పుస్తకానికి పదేళ్ల తర్వాత రెండో ముద్రణ రావాలి కదా! అను లాంటి పాత ఫాంట్లతో చిక్కు కర్వ్స్ దాకా కూడా రానక్కర్లేదు. తలకట్టు, కొమ్ము, ఒత్తు విడివిడి ముక్కలుగా ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి, అందులో ఒక్క పేరు వెతకలేం. ఫాంట్లని లోపలే పొదిగిన పీడీఎఫ్ పంపితే ప్రెస్సు భయమూ తీరుతుంది, యూనికోడ్ అయితే అక్షరమూ దక్కుతుంది.

కోరెల్‌లోనూ టెక్స్ట్ ఫ్రేముల్ని ఒకదానికొకటి కలపొచ్చు కదా అంటారు. నిజమే, నాలుగు పేజీల బ్రోషరుకి అది చాలు. ఫుట్‌నోట్లూ, విషయసూచికా ఉన్న పుస్తకానికి చాలదు. అను ఫాంట్లలో ఉన్నంత వైవిధ్యం యూనికోడ్‌లో లేదన్న మాటలో మాత్రం బలముంది. రామభద్ర, మండలి, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నా, శీర్షికలకి ఇంకా కొరతే. అయితే శీర్షికా, ముఖచిత్రమూ గీత పనులే, వాటిని హాయిగా కోరెల్‌లో చేసి పేజీలో పెట్టుకోవచ్చు. ఇన్‌డిజైన్‌లో ఒత్తులు విడిపోతాయన్న ఫిర్యాదూ వింటుంటాం. పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకుంటే అవి వాటి చోటికి చేరతాయి. ఇక ఇన్‌డిజైన్ చందా భారం. చిన్న సెంటరుకి అది నిజంగా భారమే. కానీ స్క్రైబస్ అనే లేఅవుట్ సాఫ్ట్‌వేర్ ఉచితం, 2024లో వచ్చిన 1.6 వెర్షను భారతీయ లిపుల్ని కూర్చగలదు. నేర్చుకోవడానికి కొన్నాళ్లు పడుతుంది, ఆ కొన్నాళ్ల కూలి ఎవరిస్తారన్న ప్రశ్న న్యాయమైనదే. పుస్తకం వేయించుకునేవాళ్లు పేజీకి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి, పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ మాటర్ ఉన్న ఫైలు కూడా అడిగి తీసుకోవాలి. లేకపోతే రెండో ముద్రణకి మొదటి పేజీ నుంచి మళ్లీ టైపు చేయించే ఖర్చు ఎటూ వాళ్ల మీదే పడుతుంది.