సొలెంతినామే సువార్త: సామూహిక పఠనంలో వ్యాఖ్యాత ఎవరు?

మన పురాణ కాలక్షేపంలో చదివేవారు ఒకరు, అర్థం చెప్పేవారు మరొకరు. శ్రోత మాట వ్యాఖ్యానంలోకి ఎక్కడం అరుదు. ఎర్నెస్తో కార్దెనాల్ సంకలనం చేసిన ‘సొలెంతినామే సువార్త’ (1975) ఈ అమరికనే తారుమారు చేసింది. నికరాగువా సరస్సులోని సొలెంతినామే ద్వీపాల్లో ఆదివారం పూజలో ప్రసంగానికి బదులు ఆనాటి సువార్త భాగాన్ని రైతులు, జాలరులు చర్చించేవారు. అందరికీ చదువు రాదు కనుక బాగా చదవగలవారు, తరచు పిల్లలు, పాఠాన్ని బిగ్గరగా చదివేవారు. ఆపైన చర్చ వచనం వెంట వచనంగా సాగేది.

ఈ గ్రంథాన్ని విముక్తి వేదాంతానికి ఉదాహరణగా చూడడం పరిపాటి. అది చాలదు. అసలు చిక్కు కార్దెనాల్ పాత్రలో ఉంది. ఆయన క్రైస్తవ గురువు, కవి, సంకలనకర్త. పైగా చర్చలో తానూ ఒక గొంతు. లౌరెయానో ప్రతిదాన్నీ విప్లవానికి ముడిపెడతాడని ముందుమాటలోనే చెప్పేస్తాడు. దానితో నిజమైన మనుషులు నాటకపాత్రల్లా బిగుసుకుపోతారు. లౌరెయానో నోరు విప్పకముందే పాఠకుడు అతని మాటను తూకం వేసేస్తాడు. ఈ సాయం అనవసరం. హేరోదు శిశుసంహార ఘట్టాన్ని సోమోసా పాలనలో బతికే రైతులు చదివినప్పుడు పోలికను ఎవరూ అందించనక్కరలేదు.

1977 అక్టోబరులో ఆ సమాజపు యువకులు కొందరు సాన్ కార్లోస్ సైనిక స్థావరంపై దాడిలో పాల్గొన్నారు. ప్రభుత్వ సైన్యం ఆ నివాసాన్ని ధ్వంసం చేసింది. అప్పటినుంచి ఆదివారపు సంభాషణలను ఆ దాడికి పీఠికగా చదవడం తేలికైంది. మొదటి సంపుటం వెలువడింది మాత్రం అంతకు రెండేళ్ల ముందు. మాట్లాడుతున్ననాడు ఆ ముగింపు వారెవరికీ తెలియదు.