ఎనిమిది చుక్కల లెక్క

చీనీ చెట్టు కింద మడుగు కడితేనే మందు బాగా కొట్టినట్టని చాలా ఏళ్లు నమ్మినోణ్ణి నేను. ఆకుల కొసల్నుంచి బొటబొటా కారుతుంటే కంటికి నిండుగా ఉంటుంది మరి. ఓ పొద్దు మా చిన్నాయన గట్టు మీద నిలబడి, "ఏమబ్బీ, చెట్టుకు మందు కొడతాండావా, పాదుకు నీళ్లు కడతాండావా?" అన్నాడు. ఉడుక్కున్నాను. డ్రమ్ము ఖాళీ అయినాక ఆకు తిప్పి చూస్తే అడుగున పొడిగానే ఉంది. నల్లి ఉండేది ఆ అడుగునే.

లెక్క వేస్తే ఆయన ఎగతాళిలో న్యాయముంది. 400 మైక్రాన్ల చుక్క ఒకటి పగిలితే 200 మైక్రాన్లవి ఎనిమిదవుతాయి. మందు అంతే, తడిసే మేర రెట్టింపు. చుక్క వ్యాసం సగమైతే బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ఆకును పట్టుకునే అంచు మాత్రం సగమే తగ్గుతుంది. అందుకే చిన్నది వాలు ఆకు మీద కూడా అతుక్కుని కూర్చుంటుంది. పెద్దది జారుతుంది, జారుతూ దారిలో ఉన్నవాటినీ కలుపుకొని పోతుంది.

పులివెందుల అరటి తోటల్లో ఇంకో చిక్కు. ఆకుకు మైనం పూత, నీళ్లు పూసల్లా దొర్లిపోతాయి. అక్కడ చుక్క చిన్నదైతే చాలదు, ఇంత జిగురు మందు కలపాలి. తలతన్యత తగ్గితేనే పూస చదునై పరుచుకుంటుంది.

అట్లని మరీ పొగమంచు చేస్తే? ఆ మోజు కూడా తీరింది నాకు. పాపాఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే సందు మా గండి. శ్రావణంలో ఆంజనేయస్వామికి మొక్కడానికి పోయేటప్పుడు భుజాన తువ్వాలు నిలవని గాలి. అట్లాంటి రోజుల్లోనే సన్న నాజిల్ బిగించాను. 100 మైక్రాన్ల లోపు చుక్క ఆకు దాకా పోదు. గాలి ఎత్తుకుపోతుంది, లేదా ఎండకు దారిలోనే ఆరిపోతుంది. నా మందు సగం గట్టు దాటింది, కొంత నా నోట్లోనే చేదుగా తగిలింది.

ఇప్పుడు గాలి లేవకముందే, తెల్లారుతూనే మొదలుపెడతాను. గన్ను కింది నుంచి పైకి తిప్పుతాను. రంధ్రం అరిగిన నాజిల్ పారేస్తాను, అరిగేకొద్దీ చుక్క లావెక్కుతుంది కాబట్టి. నీటిచుక్క తగిలినచోట నీలమయ్యే పసుపు కాగితాన్ని ఆకు అడుగున గుచ్చి పరీక్ష చూసుకుంటాను.

మొన్న ఆ కాగితం గర్వంగా చిన్నాయన చేతిలో పెట్టాను. అద్దాలు సర్దుకొని ఎండకు పట్టి చూశాడు.

"ఈ మూల ఒక్క చుక్కా పడలేదే అబ్బీ."