పన్నెండు మెట్లు, రెండు పక్కలు

పది అంగుళాల గ్రామఫోను ప్లేటుకు ఒక పక్కన మూడు నిమిషాల పాట పట్టేది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు మీద అంతకు మించి చోటు ఉండదు. తెలుగువాళ్ళు కొన్ని దశాబ్దాల పాటు ఆ మూడు నిమిషాల్లోనే పాట విన్నారు. కపిలవాయి రామనాథశాస్త్రి నాటక పద్యం తన రాగాన్ని కుదించుకుని అందులో సర్దుకుంది. టంగుటూరి సూర్యకుమారి గొంతులో ‘మా తెలుగు తల్లికి’ హాయిగా పట్టింది. సాలూరి రాజేశ్వరరావు, బాలసరస్వతీదేవి పాడిన లలిత గీతాలైతే ఆ కొలతకే పుట్టాయి. పాలమూరు కిన్నెర మాత్రం అందులో ఇమిడేది కాదు. కొల్లాపూర్ దాటి లింగాల, అచ్చంపేటల వైపు నల్లమల అంచున ఉన్న పల్లెల్లో కిన్నెర పట్టుకున్న మనిషి పాటతో సరిపెట్టడు, కథ చెబుతాడు. ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పంచిన పండుగ సాయన్న కథ ఎత్తుకుంటే మూడు నిమిషాలకు జనం కుదురుగా కూర్చోవడం కూడా పూర్తి కాదు.

ఇప్పుడు ప్లేటు మళ్ళీ వచ్చింది. అమెరికాలో 2022లో వినైల్ రికార్డులు దాదాపు 4.1 కోట్లు, సీడీలు 3.3 కోట్లు అమ్ముడుపోయాయి. 1987 తర్వాత ప్లేట్లు సీడీలను సంఖ్యలో దాటింది అప్పుడే. ముంబయిలో కూడా మళ్ళీ రికార్డులు అచ్చువేస్తున్నారు. వారం వారం విడుదలయ్యే కొత్త ప్లేట్లలో పెద్ద పేర్లవి కొన్నే. చిన్న చిన్న కంపెనీలు మూడు వందలు, ఐదు వందల కాపీల చొప్పున వేసే సోల్, డీప్ హౌస్, ప్రయోగ సంగీతం రికార్డులే బోలెడు. ఈ మూడు దారుల్లోనూ కిన్నెరకు పనికొచ్చే పాఠాలు ఉన్నాయి.

సోల్ నల్లజాతి అమెరికన్ల చర్చి పాటలోంచి వచ్చింది. డెట్రాయిట్‌లో 1959లో మొదలైన మోటౌన్ కంపెనీ దాన్ని ఏడు అంగుళాల చిన్న ప్లేట్ల మీద, మూడు నిమిషాల లోపే ముగిసే పాటలుగా ఇంటింటికీ చేర్చింది. అక్కడ గొంతే సర్వస్వం. గొంతు జీరపోయినా, పలుకు విరిగినా ఎవరూ సరిదిద్దరు. ఆ జీరలోనే పాడే మనిషి బతుకు ఉందని వినేవాళ్ళకు తెలుసు.

క్లబ్బుల్లో నాట్యానికి వాయించే డీప్ హౌస్ దారి వేరు. చికాగోలో లారీ హర్డ్ ‘మిస్టర్ ఫింగర్స్’ పేరుతో 1986లో తెచ్చిన ‘కెన్ యూ ఫీల్ ఇట్’ ఆ ధోరణికి తొలి గుర్తుల్లో ఒకటి. అందులో ఒక మంద్ర స్వరాల వరుస తిరిగి తిరిగి వస్తుంది. దాని మీద ఒక్కొక్క పొర చేరుతుంది, ఒక్కొక్కటి జారిపోతుంది. తొందర లేదు. ఇలాంటి సంగీతానికి పన్నెండు అంగుళాల ప్లేటు మీద తరచు పక్కకు ఒకటో రెండో పాటలే వేస్తారు. చోటు ఎక్కువ దొరికేసరికి గాడులు ఎడంగా, లోతుగా పడతాయి, మంద్రం బలంగా పలుకుతుంది. ఒకే వరుసను పదే పదే వాయిస్తూ, ప్రతిసారీ పిసరంత మారుస్తూ వినేవాళ్ళను గంటల తరబడి నిలబెట్టడం చికాగో క్లబ్బుల్లో ఎంత సహజమో, రచ్చబండ దగ్గర కిన్నెర కథకుడికీ అంతే సహజం. ఈ పోలికను నేను మాటవరసకు చెప్పడం లేదు. కథ మారుతూ పోతుంది, దాన్ని మోసే స్వరాల వరుస మారదు. వాయిద్యం అలా నిలకడగా ఉంటేనే గొంతుకు ఎక్కడికైనా పోయే స్వేచ్ఛ దొరుకుతుంది.

ప్రయోగ సంగీతానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలండ్ కంపెనీ సింథసైజర్లు, డ్రమ్ యంత్రం పెట్టుకుని పది రాగాలను డిస్కో తాళంలో వాయించారు. అది ఎల్పీగా వచ్చింది. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2010లో విదేశంలో మళ్ళీ అచ్చయ్యాక, హౌస్ సంగీతం పుట్టకముందే ఇలాంటిది ఎలా చేశారని ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. ప్లేటు మీదికి ఎక్కింది కాబట్టే ఆ పని పాతికేళ్ళకు పైగా ఎదురుచూడగలిగింది.

ఇక కిన్నెర దగ్గరికి వద్దాం. పొడవాటి వెదురు బొంగు, దాని కింద ఎండిన ఆనపకాయ బుర్రలు మూడు, బొంగు మీద మెట్లు, వాటి మీదుగా తీగలు. ఇప్పుడు తీగలు లోహానివి. మెట్లను ఎముకతోనో అలుగు పొలుసుతోనో చేసేవాళ్ళు. వాటిని బొంగుకు పట్టి ఉంచేది తేనె మైనం. నెమలి ఈకలు, అద్దాలు, గజ్జెలు, చివరన ఒక చెక్క పిట్ట. వాయిద్యం కదిలితే అవన్నీ కదులుతాయి, గజ్జెలు మోగుతాయి. కాబట్టి అవి అలంకారం మాత్రమే కాదు, తాళం కూడా. ఒక చేతి వేళ్ళు మెట్ల మీద నడుస్తుంటే ఇంకో చేయి తీగ మీటుతుంది. గొంతు చరణం చివర ఊపిరి తీసుకునే చోట తీగ ముందుకొచ్చి ఆ ఖాళీని నింపుతుంది. మెట్లు తక్కువున్న కిన్నెరలు కూడా ఉన్నాయి. పన్నెండు మెట్లది పాలమూరుకు పేరు తెచ్చింది.

పన్నెండు అనగానే హార్మోనియం మీద పన్నెండు స్వరస్థానాలు గుర్తుకు రావడం సహజం. కానీ ఈ మెట్లను కొలబద్ద పెట్టి కూర్చరు. కళాకారుడు చెవితో విని, మైనం మెత్తగా ఉండగానే జరిపి, కుదిరిన చోట ఉంచుతాడు. ఒకరి కిన్నెర ఇంకొకరి కిన్నెరలా పలకదు. స్టూడియోలో కంప్యూటరు మీద శ్రుతి దిద్దే అలవాటు ఉన్నవాళ్ళు దీని జోలికి వస్తే మొదట పాడయ్యేది ఈ గుణమే. కీబోర్డు శ్రుతికి తెచ్చిన కిన్నెర కిన్నెర కాదు.

దీని వంశం పాతది. 13వ శతాబ్దంలో శార్‌ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో కిన్నరీ వీణను వర్ణించి, లఘ్వి, బృహతి అని రకాలు చెప్పాడు. పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’లో కిన్నర బ్రహ్మయ్య అనే శివభక్తుడి కథ ఉంది. అలాంటి వాయిద్యాన్ని మన కాలం దాకా మోసుకొచ్చింది ఆస్థాన విద్వాంసులు కాదు. డక్కలి కళాకారులు, నల్లమల చెంచులు. డక్కలివాళ్ళు మాదిగ ఇళ్ళకు వెళ్ళి జాంబ పురాణం చెప్పే సంచార కళాకారులు. ఊరు వాళ్ళకు వెలుపలే చోటు ఇచ్చింది. ఆ వెలుపలి నుంచే వాళ్ళు ఊరి చరిత్రను కాపాడారు.

కొల్లాపూర్ సురభివారి సంస్థానం. గద్వాల, వనపర్తి సంస్థానాల లాగే ఇక్కడా కవులకు, పండితులకు ఆదరణ దొరికింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి 354 మంది కవులను ఒక్కచోట చూపించారు. ఆ పుస్తకం చేసిన మేలు తక్కువది కాదు. అయితే అచ్చుయంత్రం పద్యాన్ని కాపాడగలదు గానీ కిన్నెరను కాపాడలేదు. సాయన్న కథను కాగితం మీద పెడితే మాటలు మిగులుతాయి, మెట్ల మధ్య జారే స్వరం పోతుంది. దానికి ప్లేటు కావాలి. ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గొంతును రికార్డు చేసిందీ మైనపు పలక మీదే. ఆ తర్వాత అమ్మిన 78 ప్లేట్లలో మన అడవుల లక్క ఉండేది. లక్క మనదే అయినా, అడవి పాట మాత్రం ఆ ప్లేట్ల మీదికి సులువుగా ఎక్కలేదు.

క్యాసెట్లు వచ్చాక తెలంగాణ జానపదానికి కాస్త ఊపిరి ఆడింది. ఎవరైనా చవకగా నకలు తీసుకోగలిగే పెట్టె అది. అయితే నాలుగేళ్ళు తిరిగేసరికి టేపు సాగిపోయేది.

కిన్నెర ఎక్కువమంది చెవిన పడింది ఒక సినిమా పాటతో. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాటకు ఎత్తుగడ పాడారు. తమన్ సంగీతంలో ఆ పాట 2021 సెప్టెంబరులో వచ్చింది. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. అంతకు ముందే తెలంగాణ బడి పుస్తకంలో ఆయన గురించి పాఠం వచ్చింది. ఆ ఎత్తుగడ కొన్ని క్షణాలే. ఆ వెంటనే వాద్యబృందం అందుకుంటుంది. ఆ కొన్ని క్షణాలకే రాష్ట్రమంతా చెవి ఒగ్గింది. ఆయన బతుకంతా పాడింది మాత్రం గంటల కొద్దీ సాగే కథలు. 2024లో ఆయన హైదరాబాదు శివారులో కూలి పని చేస్తున్న వార్తలు వచ్చాయి. చప్పట్లకూ కూడుకూ మధ్య ఎంత దూరం ఉందో అందరికీ తెలిసింది.

ఒక కిన్నెర కథ మొత్తాన్ని ఎల్పీగా తెస్తే ఎలా తేవాలన్నది నేను చాలా కాలంగా ఆలోచిస్తున్న సంగతి. దీనికి ప్లేటు పని తీరు కొంత తెలియాలి. రికార్డు చేసిన శబ్దాన్ని ముందు లాకర్ పూసిన పళ్ళెం మీద వేడి చేసిన సూదితో గాడిగా కోస్తారు. ఆ పళ్ళెం మీద వెండి పూత వేసి, దానిపై నికెల్ పేర్చి, విడదీస్తే అచ్చు దిమ్మె వస్తుంది. రెండు దిమ్మెల మధ్య వేడెక్కిన వినైల్ ముద్ద పెట్టి నొక్కితే ప్లేటు తయారు. నిమిషానికి 33⅓ చుట్ల లెక్కన ఇరవై నిమిషాల పక్కకు 667 చుట్లు పడతాయి. ఆ గాడిని సాపుగా పరిస్తే 400 మీటర్లకు పైగా పొడుగు ఉంటుంది.

బయటి అంచున సూది కింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు పరుగెడుతుంది. లోపలి చుట్టుకు చేరేసరికి ఆ వేగం 20 చిల్లరకు పడిపోతుంది. అంత ఇరుకులో సన్నని, పదునైన శబ్దాలు మసకబారతాయి. అందుకే గజ్జెలు ఘల్లుమనే ఎత్తుగడ, దండకంలా దూకే ఘట్టాలు పక్క మొదట్లో రావాలి. గొంతు దిగి, మాటగా చెప్పే భాగం లోపలి చుట్లకు చేరాలి. కిన్నెర కథ సహజంగానే ఇలా నడుస్తుంది, పెద్దగా కష్టపడక్కర్లేదు. పక్కకు పద్దెనిమిది నిమిషాలు మించకుండా చూసుకుంటే బుర్రల మంద్రం పలచబడదు. ప్లేటు తిరగేసే చోటు స్టూడియో గడియారం చూసి నిర్ణయించకూడదు. కథకుడు తానే ఊపిరి తీసుకోవడానికి, జనం ఇచ్చే గింజలు అందుకోవడానికి ఆపే మజిలీ ఒకటి ఉంటుంది. మొదటి పక్క అక్కడే ముగియాలి. మైకులు మూడు చాలు: బుర్రల దగ్గర ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, గొంతుకు ఒకటి. తీగ మీద వేలు జారే గరగరను తుడిచేయకూడదు. సోల్ రికార్డుల్లో గొంతు జీరకు ఎంత విలువో, ఇక్కడ ఆ గరగరకూ అంతే.

అప్పుడు హౌస్ సంగీతం చేసేవాళ్ళు ఎవరో ఆ ప్లేటులోంచి నాలుగు క్షణాల కిన్నెర ముక్కను కోసి, దాని కింద డ్రమ్ పెడతారు. తప్పకుండా పెడతారు, అది వాళ్ళ కళ. అలబామా గాయని వెరా హాల్ 1964లో పోయారు. జానపద పాటలు సేకరించిన లోమాక్స్‌ల రికార్డుల్లో మిగిలిన ఆమె గొంతును ఎలక్ట్రానిక్ సంగీతకారుడు మోబీ తన 1999 ఆల్బం ‘ప్లే’లో వాడుకుంటే ప్రపంచమంతా విన్నది. ఆ వినికిడిలో ఆమెకు దక్కింది ఏమీ లేదు. మన కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ వల్ల, పాటను వ్యాపారానికి వాడితే ప్రదర్శించిన కళాకారుడికి రాయల్టీ హక్కు ఉంది. కథ అందరిదీ కావచ్చు, ఆ రోజు ఆ గొంతుతో పాడిన తీరు ఆ మనిషిదే. ఒప్పందం కథకుడి భాషలో, చదివి వినిపించి, రికార్డు చేయడానికి ముందే రాసుకోవాలి. మొదటి ముద్రణ డబ్బులో అతని వాటా ప్లేట్లు అమ్ముడయ్యే దాకా ఆగకుండా చేతికి అందాలి.

వినడానికి ఫోను చాలదా అని అడిగేవాళ్ళుంటారు. చాలుతుంది. శబ్దం కోసమే అయితే మంచి డిజిటల్ రికార్డు ఏ ప్లేటుకూ తీసిపోదు. ప్లేటుకు పన్నెండు అంగుళాల అట్ట ఉంటుంది, నేను దాన్ని కోరుకునేది ఆ అట్ట కోసం కూడా. ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆచార్య గూడూరు మనోజ జానపద, ఆదివాసీ వాయిద్యాలను ఊరూరా వెతికి ‘మూలధ్వని’ పేరుతో జనం ముందు పెట్టారు. అలాంటి శ్రద్ధే ఈ అట్ట మీద కనిపించాలి. కళాకారుడి పేరు, ఊరు, గురువు పేరు, కథ పూర్తి పాఠం ముందు పక్క లోపల. వెనక వైపు నిండా కిన్నెర కొలతలు: బొంగు పొడుగు, లావు, ఏ నెలలో కొట్టిన వెదురు, మూడు బుర్రల చుట్టుకొలత, వాటి మధ్య ఎడం, మైనం ఎంత కాచాలి, అలుగును ముట్టకుండా మెట్లకు ఇప్పుడు ఏం వాడుతున్నారు, ఒక్కో మెట్టుకూ మధ్య దూరం ఎంత. పెంట్లవెల్లిలోనో సోమశిలలోనో ఒక కుర్రవాడు ఆ అట్టను గోడకు ఆనించి పెట్టుకుని, ప్లేటు మోగుతుండగా, మొదటి మెట్టు ఎక్కడ అతికించాలో చూసుకోగలగాలి.